జపాన్ మెట్ల మళ్లకు వెళ్తున్నారా? ముందు నీళ్లు చూసుకోండి, గట్టు ఎక్కకండి

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, జపాన్ వస్తున్నాం. కొండ మీద అద్దాల్లా మెరిసే పొలాలు ఫొటోల్లో చూశాం. అవెక్కడ? ఏ నెలలో వెళ్లాలి? రైల్లో వెళ్లొచ్చా?" టోక్యోలో ఉంటున్న పాపానికి ప్రతి ఒక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది. అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

ఈ పొలాలను జపనీస్‌లో తనదా అంటారు. అరల్లా పేర్చిన పొలం అని. మనం మెట్ల మళ్లు అనుకుందాం. మెట్ట పొలం కాదు సుమా, అది వేరు. ఇది కొండవాలు మీద చేసే పల్లపు సాగు: ఊటనీరో, మంచు కరిగిన నీరో, వాననీరో పై మడి నిండి కింది మడిలోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి దిగుతూ పోతుంది. అరకు వైపు వెళ్లినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వెళ్దాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, మీరు చేయకుండా. మొదటిసారి ఆగస్టులో వెళ్లాను, సెలవులు అప్పుడే దొరికాయని. కొండంతా మోకాలెత్తు పచ్చటి వరి. అద్దం లేదు, మేఘం లేదు, ఉక్కపోత ఒకటి. మా ఆవిడది కోనసీమ. ఐదు నిమిషాలు చూసి, "ఇందుకా తెల్లారగట్ల లేపావు? ఈ పచ్చదనం అమలాపురం బస్సు కిటికీలోంచి టికెట్టు డబ్బులకే కనిపిస్తుంది" అంది. జవాబు లేకపోయింది. ఆ పొలాలు బాగాలేక కాదు. మేం చూడాలనుకున్నది ఒకటి, వెళ్లిన నెల ఇంకొకటి.

ఏ ఊరు వెళ్లాలి?

జపాన్ వ్యవసాయ శాఖ 1999లో 'వంద మేటి మెట్ల పొలాలు' అని జాబితా వేసింది. పేరుకు వంద, ఎంపిక చేసినవి 134. అన్నీ చూడక్కర్లేదు. నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేవి ఇవి:

హోషితోగే (నీగాతా జిల్లా, తోకామాచి). చిన్నా పెద్దా కలిపి 200 దాకా మళ్లు. మీరు ఫొటోల్లో చూసి మనసు పారేసుకున్నది బహుశా ఇదే. తెల్లవారుజామున లోయలో మేఘాలు, మళ్లలో ఆకాశం. కారు ఉంటే మొదటి ఓటు దీనికే.

ఒబాసుతే (నగానో జిల్లా, చికుమా). కారు నడపని వాళ్లు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ఇక్కడికి వెళ్లండి. రైలు దిగి నడిచి వెళ్లిపోవచ్చు. జాతీయ సుందర ప్రదేశంగా గుర్తింపు పొందిన మొదటి మెట్ల పొలాలు ఇవే, 1999లో.

ఒయామా సెన్‌మయ్‌దా (చిబా జిల్లా, కమోగావా). 375 మళ్లు. టోక్యోకు అన్నిటికంటే దగ్గర. మొత్తం వాననీటి మీదే సాగు. టోక్యోలో ఒక్కరోజే ఖాళీ ఉంటే ఇది చాలు.

మరుయామా సెన్‌మయ్‌దా (మియె జిల్లా, కుమానో). 1,340 మళ్లు. 1601 నాటి లెక్కల్లో 2,240 ఉండేవి. సాగు వదిలేసి 1990ల మొదట్లో 530కి పడిపోతే ఊరివాళ్లు మళ్లీ బాగుచేసుకున్నారు. చూడటానికి ఘనంగా ఉంటుంది, చేరడానికే చాలా దూరం. నగోయా నుంచి కుమానో ఊరికే ఎక్స్‌ప్రెస్ రైల్లో మూడు గంటలకు పైన, అక్కడి నుంచి మళ్లీ కొండదారి.

హమానోఉరా (క్యూషూ దీవి, సగా జిల్లా). 283 మళ్లు సముద్రం దాకా దిగుతాయి. ఇది సూర్యాస్తమయం చోటు, పొద్దున్నే లేవలేని వాళ్లకు వరం.

ఇక షిరోయోనే సెన్‌మయ్‌దా. నోతో ద్వీపకల్పంలో సముద్రపు అంచున 1,004 చిన్న చిన్న మళ్లు. పాత ట్రావెల్ వీడియోలన్నీ దీన్నే చూపిస్తాయి. కానీ 2024 జనవరి 1న 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపానికి మళ్లు పగుళ్లిచ్చాయి. ఆ ఏడాది 120 మళ్లలోనే నాట్లు వేయగలిగారు. సెప్టెంబర్‌లో భారీ వానలు మళ్లీ దెబ్బతీశాయి. అక్కడికి వెళ్లాలనుకుంటే రోడ్ల పరిస్థితి, బస ఆ ఊరు వాజిమా టూరిజం ఆఫీసులో కనుక్కోండి. పాత ఫొటో పట్టుకుని వెళ్లి నిరాశపడితే తప్పు ఆ రైతులది కాదు.

కింద చెప్పేదంతా ఎక్కువగా హోషితోగేను దృష్టిలో పెట్టుకుని రాశాను. కష్టం దానికే ఎక్కువ కనుక. అది వస్తే మిగతావి సులువు.

దగ్గర ఉండాల్సినవి

- కారు నడిపేవాళ్లకు పాస్‌పోర్టు, అసలు లైసెన్సు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. మూడూ ఉండాలి
- చిల్లర నగదు: 100 యెన్ నాణేలు, 1,000 యెన్ నోట్లు. పల్లె బస్సుల్లో, విరాళం పెట్టెల దగ్గర కార్డు పనిచేయదు
- చలికోటు. మే నెల కదా అనుకోకండి, ఆ కొండ మీద తెల్లవారుజామున పది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నవంబర్ అయితే చేతి తొడుగులు కూడా
- జారని, తడిసినా పర్వాలేదనిపించే బూట్లు
- తలకు కట్టుకునే టార్చి. ఫోన్ టార్చి వేస్తే ఒక చెయ్యి దానికే పోతుంది
- జూన్ నుంచి వెళ్తే దోమల మందు. అక్కడి నల్లీగలు కుడితే వారం రోజులు గోక్కుంటారు
- చెత్త సంచి. అక్కడ చెత్తబుట్ట కనిపించదు, మన చెత్త మనతోనే రావాలి
- తినడానికి ఏదో ఒకటి (దీని గురించి కింద విడిగా చెప్తా)

1. మొదట నెల, తర్వాత టికెట్

అందరూ తిరగేసి చేస్తారు. టికెట్ కొని, తర్వాత "ఆ వారంలో ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. మడికి మీ సెలవులతో పని లేదు.

అద్దాల దృశ్యం కావాలంటే మడిలో నీళ్లుండి, వరి ఇంకా పైకి రాకుండా ఉండాలి. హోషితోగేలో ఇది ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మంచు కరిగాక ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకు ఒకసారి. నాట్లు మే మధ్య తర్వాత పడతాయి, నారు చిన్నగా ఉన్నంత కాలం మెరుపు ఉంటుంది. కోతలయ్యాక అక్టోబర్ చివరి నుంచి మంచు పడేదాకా రెండోసారి. నవంబర్ మొదటి సగానికి నా ఓటు. ఎర్రబడ్డ చెట్లు, మేఘాలు, నీళ్లు మూడూ ఒకేసారి దొరికే అవకాశం అప్పుడే.

కోత అయ్యాక నీళ్లెందుకు పెడతారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మన వైపు కోతకు ముందే నీళ్లు తీసేస్తాం, తర్వాత మినుములో పెసలో చల్లుతాం. ఒక నవంబర్‌లో గట్టు మీద గడ్డి కోస్తున్న పెద్దావిడను నాకొచ్చిన జపనీస్‌లో అడిగాను. ఆవిడ కొడవలి పక్కన పెట్టి, పిడికిలి బిగించి, వేళ్లు మెల్లగా విప్పి చూపించింది. "ఎండితే గట్టు ఇలా పగులుతుంది. మాకు కాలవ లేదు, వానా మంచే దిక్కు. ఇప్పుడు పట్టి ఉంచకపోతే వసంతంలో నీళ్లు నిలవవు" అని. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "ఇండియాలో వరి పండుతుందా?" అంది. పండుతుందండీ అన్నాను. ఏడాదికి రెండు పంటలు అని చెబితే నమ్మలేదు.

మిగతా ఊళ్లకు నెలలు మారతాయి. హమానోఉరాలో ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం లోపే. ఒయామాలో ఏప్రిల్, మే. ఒబాసుతే కాస్త ఎత్తు, చలి ఎక్కువ కనుక మే చివరి నుంచి జూన్ మొదట్లో. బంగారు రంగు పంట చూడాలంటే సెప్టెంబర్. ఒయామాలో మాత్రం ఆగస్టు చివరికే కోతలు మొదలవుతాయి, ఆలస్యం చేస్తే దుబ్బులే మిగులుతాయి.

హెచ్చరిక: ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్ మొత్తానికి సెలవుల వారం. రైళ్లు, గదులు, రోడ్లు అన్నీ కిటకిటే. ఆ వారం వదిలి మే రెండో వారం పట్టుకోండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్‌లో మంచు కరిగేదాకా హోషితోగే పేరే ఎత్తకండి. అక్కడ మంచు మనిషి ఎత్తు దాటి పడుతుంది, కొండదారి మూసేస్తారు.

2. నీళ్లున్నాయో లేదో సరిచూసుకోండి

నేను చెప్పిన తేదీలు ఒక ఏడాది వారం ముందుకో వెనక్కో జరుగుతాయి. అందుకని బయల్దేరే నాలుగు రోజుల ముందు ఇలా చేయండి. మ్యాప్‌లో ఆ చోటు తెరిచి, జపనీస్ లిపిలో ఉన్న పేరు కాపీ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకండి. ఇంగ్లీషు పేరుతో వెతికితే మూడేళ్ల కిందటి అందమైన ఫొటోలు వస్తాయి. మనకు కావాల్సింది మొన్నటి మామూలు ఫొటో. ఫొటో పెట్టిన తేదీనే కాదు, తీసిన తేదీ కూడా రాశారేమో చూడండి. పాతవి మళ్లీ పెట్టడం అందరికీ అలవాటే.

దీనికంటే నమ్మకమైనది మీరు దిగే బస యజమాని. "తనదాలో నీళ్లు ఉన్నాయా?" అని అనువాద యాప్‌తో ఒక్క మెయిల్ పెట్టండి. వాళ్ల జవాబు ఏ యాప్ కంటే నిజం.

3. దగ్గర్లోనే రాత్రి పడుకోండి

హోషితోగేకు టోక్యో నుంచి పొద్దున్నే వెళ్లి చూడటం కుదరదు. మే చివర్లో అక్కడ సూర్యోదయం నాలుగున్నరకే. మీరు నాలుగింటికి కొండ మీద ఉండాలి, మొదటి రైలు ఇంకా కదలను కూడా కదలదు. నవంబర్ అయితే ఆరుంబావు ప్రాంతంలో, కొంచెం నయం.

మత్సుదాయ్‌లో గానీ, తోకామాచిలో గానీ, మత్సునోయామాలో గానీ గది తీసుకోండి. మత్సునోయామా వేడినీటి బుగ్గల ఊరు. కుసాత్సు, అరిమాలతో కలిపి జపాన్ మూడు గొప్ప ఔషధ బుగ్గల్లో ఒకటిగా దీన్ని చెప్తారు. చలిలో మూడు గంటలు నిలబడి వచ్చాక ఆ నీళ్లలో దిగితే ఒళ్లు తేలిపోతుంది. స్నానానికి బట్టలేవీ ఉండకూడదు, అది ముందే తెలుసుకుని వెళ్లండి. మొహమాటమైతే గదిలోనే స్నానం ఉన్న బస వెతకండి.

గది బుక్ చేసేటప్పుడే రెండు మాటలు చెప్పండి: తెల్లవారుజామున మూడున్నరకు బయటికి వెళ్తామని, తిండి విషయంలో మీకేం పడదో. చిన్న బసల్లో రాత్రి తలుపు వేసేస్తారు. ఒకసారి నేను చెప్పకుండా లేచి, చీకట్లో గడియ ఎక్కడుందో తెలియక పావుగంట తడుముకున్నాను.

4. చేరడం ఎలా?

హోషితోగేకు: టోక్యో నుంచి జోయెత్సు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో ఎచిగో-యుజావా, గంటా ఇరవై నిమిషాలు, ఆరేడు వేల యెన్‌లు. అక్కడ స్టేషన్ దగ్గరే కారు అద్దెకు తీసుకోవడం ఉత్తమం. కొండల మీదుగా గంటకు పైగా ప్రయాణం. రైలే కావాలంటే అక్కడి నుంచి హొకుహొకు లైన్‌లో మత్సుదాయ్ వరకు ముప్పావుగంట. ఇది జేఆర్ (జపాన్ ప్రధాన రైల్వే కంపెనీలు) వాళ్ల లైన్ కాదు, దేశమంతా తిరిగే జేఆర్ పాస్ ఇక్కడ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి. మత్సుదాయ్ నుంచి పొలాలకు కారులో 20 నిమిషాలు. టాక్సీలు ఉన్నాయి కానీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. తెల్లవారుజామున కావాలంటే ముందురోజే బస వాళ్ల చేత ఫోన్ చేయించి మాట్లాడించుకోవాలి. రోడ్డు మీద చెయ్యి ఊపితే ఆగే ఆటో అనుకోకండి.

ఒబాసుతేకు: టోక్యో నుంచి నగానోకు షింకన్‌సెన్‌లో గంటన్నర అటూ ఇటూ, అక్కడి నుంచి షినోనోయి లైన్ లోకల్‌లో అరగంట. నిటారు కొండవాలు కనుక రైలు ఇక్కడ వెనక్కి నడిచి స్టేషన్‌లోకి వస్తుంది. డ్రైవర్ తప్పు చేశాడేమోనని కంగారుపడకండి. ప్లాట్‌ఫారమ్ మీద బెంచీలు పట్టాల వైపు కాకుండా లోయ వైపు తిరిగి ఉంటాయి. అక్కడి నుంచి కిందికి పది, పదిహేను నిమిషాలు నడిస్తే మళ్లు మొదలవుతాయి. తిరిగి వచ్చేది ఎగువ దారి, పెద్దవాళ్లకు అది గుర్తుండాలి. రైళ్లు గంటకు ఒకటి కూడా ఉండవు, దిగగానే తిరుగు రైళ్ల టైంటేబుల్‌కు ఫొటో తీసుకోండి. ఈ ఒక్క పని చేయక చీకట్లో కూర్చున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

కారు గురించి నాలుగు ముక్కలు. భారత లైసెన్సు ఉన్నవాళ్లు ఆర్టీఓ ఆఫీసు నుంచి 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్ తెచ్చుకుంటే జపాన్‌లో నడపొచ్చు. బయల్దేరడానికి నెల ముందే తీసుకోండి. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టించుకుని పంపే 'ఇంటర్నేషనల్ లైసెన్సు' కార్డులు అక్కడ కౌంటర్‌లో చెల్లవు. జపాన్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు, అందుకే హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు సులువు. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లే మలుపు తిరిగి తప్పు వైపు వెళ్తుంటారు, మొదటి గంట జాగ్రత్త. పెద్ద కారు వద్దు. పసుపు నంబర్ ప్లేటు ఉండే చిన్న కారు తీసుకోండి, కొండదారిలో ఎందుకో మీకే తెలుస్తుంది.

దారి చూపే యంత్రాన్ని చివరి రెండు కిలోమీటర్లు నమ్మొద్దు. అది దగ్గరి దారి అంటూ పొలాల మధ్య ట్రాక్టర్ బాటలోకి తోసేస్తుంది. నన్ను అలాగే తోసింది. ఎదురుగా రైతుల తెల్లటి బుల్లి ట్రక్కు వచ్చింది. ఇద్దరం ఆగాం. నేను వెనక్కి పోదామంటే ఒకవైపు మడి, ఒకవైపు లోయ. ఆ తాత నవ్వుతూ చెయ్యూపి, 100 మీటర్లు వెనక్కే నడిపి దారిచ్చాడు. ఆ సిగ్గు ఇంకా పోలేదు. గమ్యంగా పొలం పేరు కాదు, పార్కింగ్ స్థలం పేరు పెట్టండి. బోర్డులున్న వెడల్పు రోడ్డే పట్టుకోండి.

5. ముందురోజు రాత్రి వాతావరణం చూడండి

రెండు దృశ్యాలకు రెండు లెక్కలు.

అద్దానికి: గాలి ఉండకూడదు. సెకనుకు రెండు మీటర్లు దాటితే నీళ్లు ముడతలు పడతాయి. మబ్బుగా ఉన్నా పర్వాలేదు, గాలి మాత్రం వద్దు.

మేఘసముద్రానికి (లోయ నిండా మేఘాలు పరుచుకోవడం): ముందురోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటపడి, పగటికీ రాత్రికీ బాగా తేడా ఉండి, గాలి లేకపోతే అవకాశం ఎక్కువ. ఇవన్నీ కుదిరినా రాకపోవచ్చు. నేను ఐదు సార్లు వెళ్తే రెండు సార్లు దొరికింది. రెండు రాత్రులు అక్కడే ఉండమని నేను పోరేది అందుకే.

జపాన్ వాతావరణ శాఖ సైటులో గంట గంటకూ గాలి వివరాలు ఉంటాయి. పెద్ద ఊరివి కాక పొలానికి దగ్గరి చోటువి చూడండి.

6. అక్కడికి చేరాక

వెలుగు రావడానికి కనీసం 40 నిమిషాల ముందు చేరండి. కారు పార్కింగ్‌లోనే పెట్టండి. రోడ్డు పక్కన ఆపితే ఐదింటికే పనికొచ్చే ట్రాక్టర్‌కు దారి ఉండదు. హెడ్‌లైట్లు వెంటనే ఆపేయండి, మీ లైటు పది మంది ఫొటోలు పాడుచేస్తుంది. పరిరక్షణ విరాళం పెట్టె కనిపిస్తే వేయండి. మనం ఉచితంగా చూసేది ఎవరో నడుం విరగ్గొట్టుకుని చేసిన పని.

గట్టు ఎక్కకండి. ఒక్క అడుగే కదా, ఒక్క సెల్ఫీయే కదా అనుకోకండి. పొలాల్లో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు కానీ, చెప్పాల్సి వస్తోంది. మన వైపు గట్ల మీద నడవడం మామూలే, మన గట్లు వెడల్పు. ఇక్కడివి బురదతో ఏటా మెత్తి నిలబెట్టినవి. ఒకచోట జారితే కింది మడి, దాని కింది మడి వరసగా పోతాయి. పైగా అది ఒకరి సొంత భూమి. తాడు కట్టి ఉందంటే అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ కావచ్చు, పిల్లల చేతులు దూరంగా పెట్టండి.

డ్రోన్ తెచ్చారా? 100 గ్రాములు, అంతకు మించినవన్నీ జపాన్‌లో రిజిస్టర్ చేయించాలి. ఆ పైన స్థానిక అనుమతి కావాలి. ఆ తలనొప్పి పడేకంటే సంచిలోనే ఉంచేయండి.

నీగాతా, నగానో కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒంటరిగా చీకట్లో అడవి దారిలో తిరగకండి, సంచికి చిన్న గంట కట్టుకోండి. తిండి బయట వదలకండి. అత్యవసరమైతే అంబులెన్సుకు 119, పోలీసులకు 110.

7. ఫొటో తీయడం

ఫోన్ చాలు. ఆకాశం మీద వేలు నొక్కి పట్టి వెలుతురు లాక్ చేసి, కొద్దిగా తగ్గించండి. అప్పుడే మడిలో రంగు నిలుస్తుంది. ఫ్లాష్ తీసేయండి. కెమెరా వాళ్లకు ఒక మాట: పోలరైజర్ ఫిల్టర్ నీటి మీది మెరుపును తినేస్తుంది. మనం వచ్చిందే ఆ మెరుపు కోసం. అలవాటుగా పెట్టుకుని, ఫొటోల్లో నల్లటి బురద మాత్రం తెచ్చుకున్న మిత్రుడు ఒకడున్నాడు.

తీశాక అక్కడికక్కడే పెద్దది చేసి చూసుకోండి. మడిలో కనిపించే చెట్టు అంచు పదునుగా ఉందా, చెదిరిందా? చెదిరితే గాలి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ తీయండి. ఆకాశం తెల్లగా పాలిపోతే వెలుతురు ఇంకా తగ్గించండి. ఇంటికెళ్లి చూసుకుంటే చేసేదేం లేదు.

సూర్యుడు కొండపైకి రాగానే సగం మంది మూటలు సర్దేస్తారు. అదే పెద్ద తప్పు. మేఘం కదలడం, మడి మడికీ రంగు మారడం ఆ తర్వాత అరగంటలోనే. ఒకసారి నాతో వచ్చినవాళ్లు కారెక్కి కూర్చున్నారు. నేను టీ ఫ్లాస్కు మూత బిగిస్తుంటే లోయలోంచి మేఘం లేచి, పై మళ్లు మాత్రం దీవుల్లా మిగిలి, కింద ఊరు లేనట్టే అయిపోయింది. హారన్ కొట్టి పిలిచేలోగా చెదిరిపోయింది.

ఒబాసుతేలో చందమామ సంగతి కూడా చెప్పాలి. ప్రతి మడిలో ఒక చంద్రుడు అని ఆ ఊరికి పేరు. హిరోషిగే అనే పాతకాలపు చిత్రకారుడు తన బొమ్మలో నిజంగానే మడికొక చంద్రుణ్ని వేశాడు. కళ్లతో అలా కనిపించదు. ఒకచోట నిలబడి చూస్తే ఒకే చంద్రుడు ఒకే మడిలో. మీరు నడుస్తుంటే చంద్రుడూ పక్క మడిలోకి దూకుతాడు. అందుకని నిలబడి వెతక్కండి, రోడ్డు మీదే మెల్లగా నడవండి. ఇంకో మెలిక: పేరున్న వెన్నెల పండగ శరత్కాలంలో, అప్పుడు మడి నిండా పంట. హైకూ కవి బాషో 1688లో ఇక్కడి వెన్నెల కోసం వచ్చింది కూడా అప్పుడే. నీటిలో చంద్రుడు కావాలంటే మే చివర్లోనో జూన్ మొదట్లోనో వచ్చే పౌర్ణమి చూసుకోండి.

8. తిండి

మాంసం తినేవాళ్లకు ఇబ్బంది లేదు. శాకాహారులకు పల్లెలో కష్టమే, ఎందుకంటే కంటికి కనిపించని చోట చేప ఉంటుంది. సూపు, సాస్, ఉడికించిన కూర అన్నిట్లో 'దాషి' అనే రసం పోస్తారు, అందులో చేప ఉంటుంది. తోకామాచి వాళ్ల హెగిసోబా నూడుల్స్ నాచుతో కలిపి చేస్తారు, బాగుంటాయి కూడా, కానీ ముంచుకునే పులుసులో చేపే. కన్వీనియన్స్ స్టోర్‌లో ఉప్పు వేసిన అన్నం ముద్ద, ఊమెబోషి పెట్టిన అన్నం ముద్ద కొంచెం నయం. ఊమెబోషి మన ఉప్పూరగాయకు చుట్టం. అయినా వెనక రాసింది అనువాద యాప్‌తో చదివి కొనండి.

ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు తెచ్చుకోండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసంతో చేసినదేదీ జపాన్‌లోకి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో పారేయాల్సిందే. పళ్లు, పచ్చి కరివేపాకు కూడా అంతే.

ఈ కొండల్లో పండేది పేరుమోసిన ఊఒనుమా కోషిహికారి బియ్యం. ముద్దకట్టే అన్నం, మన సోనామసూరిలా పొడిపొడిగా రాదు. పప్పుచారుకు పనికిరాదని నా అభిప్రాయం. పెరుగు కలిపితే మాత్రం ఆహా అనాల్సిందే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పైన చెప్పినవి కాక ఇంకొన్ని. ఒకే రోజులో రెండు మెట్ల పొలాలు పెట్టుకోవడం: మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తాయి, దారి కొండలు చుట్టి వస్తుంది. రాత్రి తొమ్మిదికి తిండి దొరుకుతుందనుకోవడం: పల్లెలో ఏడింటికే దుకాణాలు మూస్తారు. టాయిలెట్ అక్కడ చూసుకుందాం అనుకోవడం: దారిలో స్టోర్ కనిపించినప్పుడే పని ముగించుకోండి. పని చేస్తున్న రైతును అడక్కుండా ఫొటో తీయడం: "షాషిన్, ఈ దెస్ కా?" (ఫొటో తీయొచ్చా?) అని అడిగి, వాళ్లు తలూపితేనే తీయండి. చాలామంది ఊపుతారు.

చివరగా, "పిల్లల చేత నాట్లు వేయించొచ్చా?"

ఇది అమెరికా నుంచి వచ్చేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. వేయించొచ్చు, కానీ కనిపించిన మడిలో దిగడం కాదు. చాలా ఊళ్లలో మడిని ఏడాదికి దత్తత తీసుకునే పద్ధతి ఉంది. 1992లో కోచి జిల్లా యుసుహారా ఊరు మొదలుపెట్టింది, ఒయామా 2000 నుంచి నడుపుతోంది. డబ్బు కడితే మీ పేరు మీద ఒక మడి. నాట్లకు, కోతకు రమ్మని పిలుస్తారు, పంటలో వాటా ఇస్తారు. జపాన్‌లో ఉండేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. వారం రోజులకు వచ్చేవాళ్లు ఒక్కరోజు నాట్ల కార్యక్రమం ఉందేమో ఆ ఊరి టూరిజం ఆఫీసులో అడగండి. దరఖాస్తు ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటుంది, నాట్లకు రెండు మూడు నెలల ముందే చూసుకోవాలి. ఆ రోజు ఒక జత బట్టలు ఎక్కువ తీసుకెళ్లండి. కాళ్లకు పాత సాక్సులు వేయండి, చెప్పులు వద్దు. మొదటిసారి నేను చెప్పులతోనే దిగాను. ఎడమకాలిది ఇంకా ఆ మడిలోనే ఉంది.